ఇండియన్ ఓషన్: పదేళ్ల తర్వాత ఊరూరా వినిపించిన ఢిల్లీ బ్యాండ్

ఇండియన్ ఓషన్ ఢిల్లీలో పుట్టిన రాక్ బ్యాండ్. 1990లో ఈ పేరు పెట్టుకుంది. గిటార్ వాయించే సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడే అశీమ్ చక్రవర్తి దీనికి మూలపురుషులు. 1991లో బాస్ గిటార్‌తో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలం వచ్చి చేరారు. దేశానికి తెలిసిన నలుగురి జట్టు ఇదే. 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమ్‌తో ఈ బ్యాండ్ పేరు ఢిల్లీ దాటి ఊరూరా వినిపించింది. అంటే మొదలైన పదేళ్లకు.

తెలుగు బ్యాండ్ కాని దీని గురించి ఇక్కడ ఎందుకు రాస్తున్నాం అని పాఠకులు అడగవచ్చు. బెంగళూరులోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో మన ఇళ్లలో పిల్లలు గిటార్ కొనుక్కుంటున్నారు. నలుగురు కలిసి ఒక గదిలో సాధన మొదలుపెట్టగానే ముందుగా వచ్చే తగువు ఏ రాగం, ఏ తాళం అని కాదు, ఏ భాషలో పాడాలి అని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, కాలేజీలో ఇంగ్లీషు, టీవీలో హిందీ. తెలుగులో పాడితే ఇక్కడ వినేవాళ్లెవరు అనే మాట వస్తుంది. ఆ మాట దగ్గరే చాలా జట్లు ఇంగ్లీషులోకి మళ్లుతాయి. ఇండియన్ ఓషన్ ఈ చిక్కును తనదైన తీరులో దాటింది. సిద్ధాంతం చెప్పి కాదు, పాటలు ఎంచుకున్న తీరుతో.

ఇద్దరితో మొదలు

సుస్మిత్, అశీమ్ 1984లో కలుసుకున్నారు. పేరు లేకుండానే కొన్నేళ్లు కలిసి వాయించారు. 1990లో బ్యాండ్‌కు ఇండియన్ ఓషన్ అని పేరు సూచించింది సుస్మిత్ తండ్రి.

అప్పటి పరిస్థితి ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేసి సాయంత్రానికి లోకానికి వినిపించే వీలు లేదు. స్టూడియో గంటల లెక్కన అద్దె. క్యాసెట్ వేయాలంటే కంపెనీ గడప తొక్కాలి. కంపెనీలకు కావలసింది సినిమా పాట, భజన, గజల్. రాక్ అంటే కాలేజీ ఉత్సవాల్లో విదేశీ బ్యాండ్ల పాటలను ఉన్నదున్నట్టు వాయించడం. బాగా అనుకరించిన జట్టుకే చప్పట్లు. సొంత పాట మొదలుపెడితే తెలిసిన పాట వాయించమని కేకలు వేసే శ్రోతలున్న కాలం అది.

అలాంటి చోట ఒకడు గిటార్, ఒకడు తబలా పట్టుకుని సొంత బాణీలు వాయిస్తామంటే ఏ గాటన కట్టాలో ఎవరికీ తెలియలేదు. శాస్త్రీయం వాళ్లకు ఇది శాస్త్రీయం కాదు, రాక్ వాళ్లకు ఇది రాక్ కాదు. ఇప్పుడు ఫ్యూజన్ అని ఒక మాట తగిలించి ఊరుకుంటున్నాం. ఆ మాట ఈ బ్యాండ్‌కు సరిపోదని మా అభిప్రాయం. రెండు పాత్రల్లో ఉన్నవాటిని మూడో పాత్రలో పోసి కలిపితే ఫ్యూజన్. ఇక్కడ ఎవరి వాయిద్యం వాళ్ల చేతిలోనే మారింది. సుస్మిత్ గిటార్ మీటే తీరులో సితార్, సరోద్ ఛాయలు వినిపిస్తాయి. ఒక తీగను శ్రుతిలా మోగనిస్తూ పక్క తీగల మీద పదం అల్లుతాడు. కార్డులు పట్టి లయ కొట్టడం తక్కువ.

గిటార్‌కు మెట్లుంటాయి. స్వరానికీ స్వరానికీ మధ్య జారాలంటే తీగను పక్కకు లాగాలి, లేదా వేలిని తీగ మీద జరపాలి. వీణలోనూ మెట్లున్నాయి కదా అనవచ్చు. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగ లాగడానికి చోటుంటుంది, గమకం పలుకుతుంది. మామూలు గిటార్‌లో ఆ వెసులుబాటు తక్కువ. అందుకే గిటార్ మీద రాగం పలికించాలంటే ఏ స్వరాన్ని నిలపాలి, దేన్ని లాగాలి అన్నది వాయించేవాడే తేల్చుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ బ్యాండ్ పాటల్లో ముందుగా చెవి పెట్టాల్సింది ఇక్కడే.

రాహుల్, అమిత్ వచ్చాక

రాహుల్ రామ్ దారి వేరు. ఐఐటీ కాన్పూర్‌లో రసాయనశాస్త్రం చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషపదార్థాల శాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. తిరిగొచ్చి ఉద్యోగం చూసుకోకుండా నర్మదా బచావో ఆందోళన్‌లో పనిచేశాడు. 1990ల మొదటి సగం ఆయనకు ఒక కాలు నర్మదా లోయలో, ఒక కాలు ఢిల్లీలో. బ్యాండ్‌కు బాస్ గిటార్ ఒక్కటే కాదు, ఉద్యమాల్లో తిరిగే పాటల మూట కూడా ఆయన వెంట వచ్చింది.

1990ల మొదట్లో హెచ్‌ఎంవీ కంపెనీ వీళ్ల మొదటి ఆల్బమ్ తెచ్చింది. పేరు కూడా 'ఇండియన్ ఓషన్' అనే. ఒక పెద్ద కంపెనీ కొత్తవాళ్ల క్యాసెట్ వేయడమే అప్పటికి విశేషం. కానీ క్యాసెట్ దుకాణానికి చేరితే సరిపోదు, ఎవరో ఒకరు అడిగి కొనాలి. అదే సమయంలో దేశంలో శాటిలైట్ టీవీ వచ్చింది, సినిమాయేతర పాటలకు గిరాకీ పుట్టింది. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', 1998లో ఢిల్లీకే చెందిన యుఫోరియా 'ధూమ్ పిచక్ ధూమ్' ఇంటింటా మోగాయి. వీడియో బాగుంటే పాట నడిచే రోజులు. మాటలు తక్కువ, వాయిద్యం ఎక్కువ, ఒక్కో పాట ఏడెనిమిది నిమిషాలు సాగే ఈ బ్యాండ్‌కు ఆ గిరాకీలో పెద్దగా వాటా దక్కలేదు.

అమిత్ కిలం వచ్చాక జట్టు కుదురుకుంది. తబలా, డ్రమ్స్ రెండూ ఒకే బ్యాండ్‌లో ఉండటం వినడానికి తేలికే. వేదిక మీద అది పెద్ద తలనొప్పి. తబలా చర్మవాద్యం, శ్రుతి కట్టిన వాద్యం. దీపాల వేడికి, గాలిలో తేమకు శ్రుతి జారుతుంది. పక్కనే డ్రమ్స్ గట్టిగా మోగితే ఆ వేళ్ల పనితనం ఎవరికీ వినపడదు. మైకు దగ్గరగా పెట్టి శబ్దం పెంచితే అది గీ మని కూత పెడుతుంది. దీనికి మందు పరికరాల్లో సగమే, మిగతా సగం డ్రమ్మర్ సంయమనంలో ఉంది. అమిత్ తబలాకు చోటు విడిచి వాయిస్తాడు. తబలా మాట్లాడేచోట తాను తాళం నిలబెట్టి ఊరుకుంటాడు. క్లారినెట్, రికార్డర్ కూడా వాయిస్తాడు.

ఆయన చేతిలోని మరో వాయిద్యం గబ్‌గుబి గురించి ఒడిశా సరిహద్దు మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇది బెంగాల్ బావుల్ గాయకుల వాయిద్యం. డోలు లాంటి చిన్న బుర్రకు ఒక వైపు చర్మం, దాని మధ్య నుంచి తీగ. బుర్రను చంకలో ఇరికించి, తీగ కొసను ఒక చేత్తో లాగుతూ మరో చేత్తో మీటుతారు. లాగిన కొద్దీ స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకుల కథ చూసినవాళ్లకు ఇంక వివరించక్కర్లేదు. మన జముకు కూడా ఈ కుటుంబంలోదే. ఢిల్లీ రాక్ వేదిక మీద గబ్‌గుబి మోగినప్పుడు ఎవరూ దాన్ని పల్లెటూరి వాయిద్యం అని పక్కన పెట్టలేదు. మన జముకు మాత్రం ఇంకా ఏ బ్యాండ్ చేతికీ చిక్కినట్టు మాకు కనిపించలేదు.

ఒక జనవరి 1

1989 జనవరి 1న ఢిల్లీ పక్కనే సాహిబాబాద్‌లో జన నాట్య మంచ్ బృందం 'హల్లా బోల్' వీధి నాటకం ఆడుతుండగా దాడి జరిగింది. నటుడు, రచయిత సఫ్దర్ హష్మీ మర్నాడు చనిపోయాడు. ఆయన పేరు మీద ఏర్పడిన సహ్మత్ సంస్థ ఏటా జనవరి 1న ఢిల్లీలో కళాకారులను ఒకచోట చేర్చి స్మరణ సభ జరుపుతుంది. ప్రజానాట్యమండలి సభలు తెలిసిన తెలుగువాళ్లకు ఆ వాతావరణం కొత్త కాదు.

1997 జనవరి 1న ఆ సభలో ఇండియన్ ఓషన్ వాయించింది. అక్కడ రికార్డయినదే 'డెజర్ట్ రెయిన్' ఆల్బమ్. స్టూడియో కాదు, చలికాలపు ఢిల్లీలో జనం ముందు వాయించిన కచేరీ. తప్పు వస్తే మళ్లీ మొదటి నుంచి వాయించే వీలు లేదు. ఈ ఆల్బమ్ విన్నవాళ్లు నలుగురూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించారని ఇట్టే పట్టేస్తారు. మాటల కన్నా ఆలాపనలే ఎక్కువ. మాకు అడిగితే, ఈ బ్యాండ్ సంగీతం ఎలా కట్టారో తెలియాలంటే 'కందీసా' కన్నా ముందు ఇది వినాలి. 'కందీసా'లో మెరుగు ఉంది, ఇందులో ఎముకలు కనిపిస్తాయి.

మొదటి ఆల్బమ్‌కూ దీనికీ మధ్య నాలుగేళ్ల చిల్లర గడిచింది. కచేరీలు చేస్తూ, చేసిన పాటనే మళ్లీ మళ్లీ వాయిస్తూ మార్చుకుంటూ పోయారు. కరోల్ బాగ్‌లోని ఖజూర్ రోడ్డులో 16/330 నంబరు పాత బంగళా వాళ్ల సాధనకు ఏళ్ల తరబడి అడ్డా అయింది. ఈ చిరునామా తర్వాత ఒక ఆల్బమ్ పేరయింది, ఆ సంగతి ముందు వస్తుంది.

'కందీసా'

2000లో టైమ్స్ మ్యూజిక్ 'కందీసా' విడుదల చేసింది. ఏడు పాటలు. అసలు మార్పు ఇక్కడ మాటల్లో ఉంది. ఇన్నాళ్లూ వాయిద్యం ముందు, గొంతు వెనక. ఇప్పుడు మాటలు ముందుకొచ్చాయి. ఏ భాష మాటలు అన్నదే మన చర్చకు ముఖ్యం.

'హిల్లే లే' భోజ్‌పురి. రాసింది గోరఖ్ పాండే. జేఎన్‌యూలో ఉంటూ రైతుకూలీల పాటలు రాసిన కవి, 1989లో చనిపోయాడు. జనం పటాలంగా కదిలి వస్తే లోకం ఊగిపోతుందన్నది పాట సారం. జన నాట్య మండలి పాటలు, గద్దర్ గొంతు విని పెరిగిన తెలుగువాళ్లకు ఆ పాట ఏ ఇంటిదో ఒక్క చరణంతో తెలిసిపోతుంది. పల్లెపాట బాణీలో తిరుగుబాటు మాట పెట్టడం మనకు పాత విద్యే. ఇండియన్ ఓషన్ దాన్ని గిటార్, డ్రమ్స్ మీదికి తెచ్చింది. కాలేజీ మైదానంలో వేలమంది గొంతు కలిపారు. వాళ్లలో భోజ్‌పురి తెలిసినవాళ్లు ఎందరో చెప్పలేం.

'మా రేవా' నర్మద మీద పాట. రేవ అంటే నర్మదే. రాహుల్ రామ్ లోయలో పనిచేసే రోజుల్లో అక్కడి జనం నోట నేర్చుకున్న సంప్రదాయ పాట ఇది. నదిని అమ్మా అని పిలుస్తూ పాడుకునే పాట. అందులో ఆనకట్ట ఊసు లేదు, నినాదం లేదు. కానీ ఆల్బమ్ వచ్చిన ఏడాదే, 2000 అక్టోబర్ 18న, సర్దార్ సరోవర్ ఆనకట్ట పని కొనసాగించవచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పక్కన పెట్టి వింటే అదే పాట మరోలా వినిపిస్తుంది. పోలవరం ముంపు అంటే ఏమిటో తెలిసిన గోదావరి వాళ్లకు, మల్కన్‌గిరి వాళ్లకు దీన్ని ఇంకెవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఇక 'కందీసా' పాట. ఇది సిరియాక్ భాషలోని ప్రార్థన. సిరియాక్ అంటే అరమాయిక్ భాషకు ఒక రూపం. ఏసుక్రీస్తు మాట్లాడింది అరమాయిక్ అని అంటారు. కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో ఈ భాష శతాబ్దాలుగా నిలిచింది. కందీసా అంటే పవిత్రుడు. దేవుణ్ణి పవిత్రుడా అని మళ్లీ మళ్లీ పిలిచే స్తోత్రం ఇది. ఢిల్లీలో ఉండే నలుగురు, కేరళ చర్చిలో నిలిచిన పశ్చిమాసియా భాష స్తోత్రాన్ని తీసుకుని రాక్ పాట చేశారు. దాని పేరే ఆల్బమ్‌కు పెట్టారు. అదే వాళ్లకు పేరు తెచ్చింది.

ప్రార్థనను కచేరీ పాట చేయవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. మా మటుకు మేం విన్నంతలో అందులో వెటకారం లేదు, తొందర లేదు. పాట నెమ్మదిగా మొదలై గొంతు మీద గొంతు చేరుతూ పెరుగుతుంది. చర్చిలో గుంపుగా పాడేటప్పుడు కలిగే నిండుతనం చెడలేదు. వాయిద్యాలు చేరేది గొంతులు నిలబడ్డాకే.

అర్థం తెలియని భాషలో పాట

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన సంగతి చూసుకుందాం. అర్థం తెలియని భాషలో పాడటం, వినడం మనకు కొత్తా? తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. వందలమంది కావేరి ఒడ్డున కూర్చుని పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుగా పాడతారు. ఐదింటిలో ఒకటి సంస్కృతం, నాలుగు తెలుగు. పాడేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. తమిళ లిపిలోనో మలయాళ లిపిలోనో రాసుకుని నేర్చుకున్నవాళ్లే. కేరళ చర్చిల్లో సిరియాక్ ప్రార్థనలను మలయాళ లిపిలో అచ్చు వేసుకుని పాడటం కూడా ఇలాంటిదే.

అంటే, మన భాషే రెండు వందల ఏళ్లుగా దక్షిణాదిలో ఒక 'కందీసా'. మాటల అర్థం తెలియకపోయినా పాట నిలిచింది. మరో వైపు కోయంబత్తూరులోనో మదురైలోనో తెలుగు మాట్లాడే ఇళ్లలో లిపి రాని తరాలు గడిచాయి. చదవడం రాకపోయినా పెళ్లి పాట, లాలి పాట మిగిలిన ఇళ్లున్నాయి. కాబట్టి తెలుగులో పాడితే వినేవాళ్లెవరు అనే ప్రశ్నకు కావేరి ఒడ్డునే ఒక జవాబుంది.

ఇప్పటి జవాబు కావాలంటే బెంగళూరు చూడండి. అక్కడి అగం బ్యాండ్ కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కట్టింది. 2003లో మొదలై, 2007లో సన్ టీవీలో ఏఆర్ రెహమాన్ పాల్గొన్న పోటీ కార్యక్రమంతో పేరు తెచ్చుకుంది. సభ్యులు చాలాకాలం ఉద్యోగాలు చేసుకుంటూనే వాయించారు. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ కేరళ మనిషి. వాళ్ల 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అసలు త్యాగరాజస్వామి 'బంటురీతి కొలువు'. రాగం హంసనాదం కాబట్టి హంసల పేరు పెట్టారు. బెంగళూరు మైదానంలో కన్నడిగులు, మలయాళీలు, ఉత్తరాది ఐటీ పిల్లలు ఆ తెలుగు మాటలకు తల ఊపుతున్నారు. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ నేటి తెలుగులో సొంత పాటలు కట్టి వినిపించింది. తెలుగు బయట పెరిగిన మన జట్టు నుంచి ఇలాంటిది ఇంకా రావలసి ఉందన్నది మా బాధ.

సినిమా పిలిచినప్పుడు

2003లో 'ఝీనీ' వచ్చింది. ఆ పేరు పాట కబీరుది. శరీరాన్ని పలుచగా నేసిన వస్త్రంతో పోల్చే పదం. షోలాపూర్‌లోని మన పద్మశాలీ పాఠకులకు ప్రత్యేకంగా వినమని చెప్తాం. మగ్గం తెలిసినవాడు రాసిన పాటను మగ్గం తెలిసిన ఇళ్లలో వినడం వేరుగా ఉంటుంది.

ఆ తర్వాత అనురాగ్ కశ్యప్ 'బ్లాక్ ఫ్రైడే'. 1993 బొంబాయి పేలుళ్ల మీద తీసిన సినిమా. సినిమా బ్యాండ్‌లోకి వచ్చింది గానీ బ్యాండ్ సినిమాలోకి పోలేదు అనవచ్చు. సంగీత దర్శకుడి పేరు ఉండాల్సిన చోట బ్యాండ్ పేరే పడింది. పీయూష్ మిశ్రా రాసిన 'బందే' పాట మతం పేరిట రక్తం చిందించే మనిషిని ఆగమని అడుగుతుంది. పేలుళ్ల కేసు తీర్పు రాకముందే సినిమా వస్తే తమకు నష్టమని నిందితులు కోర్టుకు వెళ్లారు. విడుదల ఆగింది. చివరికి 2007 ఫిబ్రవరిలో థియేటర్లకు వచ్చింది. పాటలు మాత్రం ముందే బయటికొచ్చి జనంలో తిరిగాయి. సినిమా చూడనివాళ్లకు కూడా 'బందే' నోటికి వచ్చేది. మన దేశంలో మామూలుగా సినిమా పాటను మోస్తుంది, ఇక్కడ కొంతకాలం పాటే సినిమాను మోసింది. 2010లో 'పీప్లీ లైవ్'లోనూ వీళ్ల పాటలున్నాయి. అదీ రైతుల ఆత్మహత్యల చుట్టూ అల్లిన సినిమాయే.

అశీమ్ పోయాక

2009 డిసెంబర్ 25న అశీమ్ చక్రవర్తి గుండెజబ్బుతో చనిపోయాడు. ఇరవై ఏళ్ల బ్యాండ్‌లో సగం గొంతు, సగం లయ ఆ ఒక్క మనిషిది. తబలా వాయిస్తూ పాడటం ఎంత కష్టమో వాయించేవాళ్లకు తెలుసు. చేతులు ఒక లెక్కలో, గొంతు మరో ఎత్తుగడలో నడవాలి. ఆయన చోటు నింపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. తబలాకు తుహీన్ చక్రవర్తి, గాత్రానికి హిమాంశు జోషి.

ఆయన పోకముందు రికార్డు చేసిన పాటలు మిగిలాయి. వాటికి సాధన గది చిరునామానే పేరు పెట్టి '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్‌గా 2010లో తెచ్చారు. తెచ్చిన తీరు అప్పటికి కొత్తది. కంపెనీకి ఇవ్వలేదు. నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. కోపంతో చేసిన పని కాదది, లెక్క చూసుకుని చేసింది. సీడీల అమ్మకం పడిపోతోంది, పాటను దొంగతనంగా దింపుకునేవాళ్లు ఎలాగూ దింపుకుంటున్నారు, బ్యాండ్‌కు బతుకుతెరువు కచేరీ. పాట ఎంతమందికి చేరితే కచేరీకి అంతమంది వస్తారు. అదే ఏడాది జైదీప్ వర్మ తీసిన 'లీవింగ్ హోమ్' డాక్యుమెంటరీ థియేటర్లలో విడుదలైంది. ఒక బ్యాండ్ గురించిన డాక్యుమెంటరీకి మన దేశంలో టికెట్ కొనుక్కుని వెళ్లడం అరుదైన సంగతి. అశీమ్‌ను మాటల్లో, నవ్వులో చూడాలంటే అందులోనే చూడాలి.

2013లో సుస్మిత్ సేన్ కూడా బ్యాండ్ విడిచాడు. పునాది వేసిన ఇద్దరిలో ఒకరు లోకం విడిచారు, ఒకరు జట్టు విడిచారు. పేరు మార్చుకోవాలని కొందరు శ్రోతలు అనుకుని ఉంటే తప్పు పట్టలేం. సుస్మిత్ గిటార్ లేని ఇండియన్ ఓషన్ వేరే బ్యాండే అని మాలోనూ ఒకరు వాదిస్తారు. నిఖిల్ రావు గిటార్‌తో 2014లో 'తందానూ' వచ్చింది. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్ వంటివాళ్లు అతిథులుగా వచ్చి పాటల్లో పాలుపంచుకున్నారు. అంతమంది పెద్దలు చేరడంతో ఆల్బమ్ నిండుగా ఉంది, కానీ నలుగురే ఉన్నప్పటి ఖాళీ చోట్లు కరువయ్యాయి. మాకు ఆ ఖాళీ చోట్లే ఇష్టం.

చాలా విరామం తర్వాత 2023లో 'తూ హై' ఆల్బమ్ వచ్చింది. రాహుల్ రామ్, అమిత్ కిలం పాతవాళ్లుగా కొనసాగుతున్నారు. రాహుల్ మరో పక్క వరుణ్ గ్రోవర్, సంజయ్ రాజౌరాలతో కలిసి 'ఐసీ తైసీ డెమోక్రసీ' పేరుతో రాజకీయ వ్యంగ్య ప్రదర్శనలు కూడా ఇచ్చాడు. పాత హిందీ సినిమా పాటల బాణీల్లో కొత్త మాటలు పెట్టి పాడటం ఆయన వంతు.

కొత్తగా వినేవాళ్లకు మా వరుస ఇది. ముందు 'కందీసా'లో 'మా రేవా', తర్వాత అదే ఆల్బమ్‌లో పేరు పాట. నచ్చితే 'డెజర్ట్ రెయిన్' మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా. ఆ తర్వాత 'ఝీనీ'. ఫోన్ స్పీకర్‌లో వింటే తబలా ఎడమ చేయి వినపడదు. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.